కుర్సురాకి పదకొండోసారి

వైజాగ్‌లో ఇల్లున్న ప్రతివాడికీ జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది, గైడు ఉద్యోగం. ఎండాకాలం సెలవులిచ్చారంటే చాలు రాజమండ్రి నుంచి పెద్దమ్మ వాళ్ళు, హైదరాబాద్ నుంచి బాబాయ్ వాళ్ళు, మనం ఎప్పుడూ పేరు కూడా వినని నాన్న మేనత్తగారి మనవలు, అందరూ దిగిపోతారు. రూటు అందరికీ ఒకటే. పొద్దున్నే సింహాచలం, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసి కైలాసగిరి, సాయంత్రం ఆర్కే బీచ్, బీచ్‌లో ముంత మసాలా, ఆ తర్వాత సబ్‌మెరైన్. సబ్‌మెరైన్ అంటే ఐఎన్ఎస్ కుర్సురా. దాన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేసింది 2002లో, అప్పట్నుంచి 2007 దాకా నేను దాని లోపలికి పదిసార్లు వెళ్ళేను. లెక్క కరెక్టే, ఎందుకంటే ప్రతిసారీ నాన్న టికెట్ డబ్బులు నా చేతిలో పెట్టి క్యూలో నిలబెట్టేవాడు. ఆ పదిసార్లూ లోపల ఏం చూశావురా అంటే, ముందు నడుస్తున్న మనిషి వీపు చూశాను. ఉక్క, ఇరుకు, గోడల నిండా పైపులు, ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరేటప్పుడు పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎక్కడో పట్టుకుంటే విడిపించడం, బయటపడగానే హమ్మయ్య అనుకుని ఐస్‌క్రీం. అంతే.

పదకొండోసారి వెళ్ళినప్పుడు మావాళ్ళందరూ బయటికొచ్చి మిరపకాయ బజ్జీలు తినీసి, ఈ గుంటడు ఏడిరా అని వెతుక్కునే దాకా నేను లోపలే ఉండిపోయాను. పదికీ పదకొండుకీ మధ్యలో జరిగిందేంటంటే, ఒక గేమ్.

దాని పేరు సైలెంట్ హంటర్ 3. వచ్చింది 2005లో, నాకు దొరికింది మాత్రం 2007లో, ఇంజనీరింగ్ సెకండియర్‌లో, ద్వారకానగర్‌లో ఒక సీడీల షాపులో (అవును, దొంగ సీడీయే, అప్పట్లో మేమందరం అంతే, ఇప్పుడు మళ్ళీ డబ్బులిచ్చి కొనుక్కున్నాను, పాపం కొంత కడుక్కున్నట్టే). అసలు నేను వెళ్ళింది నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ కోసం. అది అయిపోయింది బాబూ, ఇది తీస్కో, షిప్పుల గేమ్, గ్రాఫిక్స్ బాగుంటాయి అని అంటగట్టీసాడు. ఇంటికొచ్చి పెట్టి చూస్తే గంటసేపు నీళ్ళు తప్ప ఏం కనిపించలేదు. అప్పటికి మా బ్యాచ్ అంతా నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడుతూ ఒకళ్ళ తలకాయలు ఒకళ్ళు పేల్చుకుంటుంటే నేను ఇంట్లో కూర్చుని అట్లాంటిక్ సముద్రం చూసుకుంటున్నాను. మావాడొకడు ఓ రోజు వచ్చి పదినిమిషాలు చూసి, "నీళ్ళు చూస్కోడానికి గేమెందుకురా, బీచ్‌కెళ్తే ఫ్రీయే కదా" అనీసి పోయాడు.

కానీ నాకు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే గేమ్ ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. అది రెండో ప్రపంచయుద్ధం, నువ్వు ఒక జర్మన్ యూ-బోటుకి, అంటే వాళ్ళ సబ్‌మెరైన్‌కి, కెప్టెన్. (జర్మన్ల వైపు ఆడటం ఏంటి అని నాకూ మనసులో పీకింది, దాని సంగతి తర్వాత చెప్తాను.) పైన తేలుతున్నంతసేపు డీజిల్ ఇంజిన్ల మీద నడుస్తుంది, నీళ్ళలోకి దిగితే బ్యాటరీ. నీటి లోపల స్పీడు పెంచావంటే బ్యాటరీ కళ్ళముందే కరిగిపోతుంది, మళ్ళీ ఛార్జ్ చేసుకోవాలంటే పైకి రావాలి, పైకొస్తే ఎవడో చూస్తాడు. పైనుంచి డిస్ట్రాయర్ (సబ్‌మెరైన్లని వేటాడే యుద్ధనౌక) వెతుకుతుంటే లోపల ఇంజిన్ స్పీడు తగ్గించి, మాటలు గుసగుసల్లోకి దించి, లోతుకి దిగాలి, రెండొందల మీటర్లు దాటాక ఇనుము మూలుగుతుంది. ఆ సౌండ్ రాత్రి పూట హెడ్‌ఫోన్స్‌లో వింటే మన మంచం కిందనుంచి వచ్చినట్టుంటుంది. ఇక టార్పెడో, అంటే నీళ్ళలో ఓడ మీదకి దూసుకెళ్ళే బాంబు, వదలడం అంటే ట్రిగ్గర్ నొక్కడం కాదు. ఎదర ఓడ ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో పోతోంది, మనకి ఏ కోణంలో కనిపిస్తోంది, ఇవన్నీ నువ్వే కొలుచుకోవాలి. దానికి ముందు అసలు అది ఏ ఓడో పోల్చుకోవాలి, అందుకో పుస్తకం ఉంటుంది గేమ్‌లోనే, ఒక్కో పేజీలో ఒక్కో ఓడ నీడ బొమ్మ, దాని స్తంభం ఎత్తెంత, నీళ్ళలో ఎంత మునిగి ఉంటుంది, అన్నీ రాసి ఉంటాయి. నాకు ట్రిగొనామెట్రీ ఇంటర్‌లో ఎక్కలేదు గానీ ఇక్కడ ఎక్కింది.

వారం రోజులు నా టార్పెడోలు ఒక్కటీ తగల్లేదు. లెక్కలన్నీ కరెక్టే, గడియారం చూసుకుని వదిలితే టార్పెడో తిన్నగా ఓడ దాకా వెళ్ళేది, వెళ్ళి ఏమీ అయ్యేది కాదు, అవతలి పక్కకి పోయేది. అలాంటి ఒక రాత్రి పన్నెండున్నరకి నాన్న లేచొచ్చాడు.

నాన్న వైజాగ్ పోర్టులో ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాడు. ఇంట్లో ఆఫీసు మాటలు ఎత్తేవాడు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు, డ్యూటీకి వెళ్తాడు వస్తాడు, అంతే తెలుసు మాకు. ఆ రాత్రి వచ్చిందయితే తిట్టడానికే, "ఏట్రా ఇది, రేపు కాలేజీ లేదేటి నీకు" అని మొదలెట్టి, స్క్రీన్ మీద పెరిస్కోప్‌లో ఓడ కనబడేసరికి ఆగిపోయాడు.

"ట్యాంకరు కదా అది?"

"నీకెలా తెలుసు?"

"పొగ్గొట్టం వెనకాలుంది కదరా. డ్రాఫ్ట్ ఎంత దానికి?"

డ్రాఫ్ట్ అంటే ఏంటో నాకు ఆ నిమిషం దాకా తెలీదు, పుస్తకంలో ఉంది గానీ నేను పట్టించుకోలేదు. ఓడ నీళ్ళలో ఎంత లోతు మునిగి ఉంటుందో అది. చూస్తే ఎనిమిది చిల్లర మీటర్లుంది.

"మరి నువ్వు ఈ బాంబుని ఎంత లోతులో వదుల్తున్నావ్?"

"పది మీటర్లు."

"మరి కిందనుంచి పోదేట్రా?"

తగిలితేనే పేలే సెట్టింగులో పెట్టి, వారం నుంచి నేను ఓడల కిందనుంచి టార్పెడోలు పంపుతున్నాను. నాలుగు మీటర్లకి మార్చి వదిలాను. నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఇద్దరం టైమర్ చూస్తూ కూర్చున్నాం, నిమిషంన్నర పట్టింది అనుకుంటా, మంట లేచింది. నాన్న ఏమన్నాడంటే "పాపం, క్రూడ్ అంతా నీళ్ళపాలు" అన్నాడు. తర్వాత లైటు ఆర్పి పడుకో అన్నాడు గానీ ఆ గొంతులో ముందున్న కోపం లేదు.

ఆ ఆదివారం పొద్దున్న నాన్నతో బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళ్ళేను, చిన్నప్పట్నుంచి రమ్మంటే ఎప్పుడూ వెళ్ళలేదు. వైజాగ్ బీచ్‌లో నిలబడితే ఎప్పుడు చూసినా దూరంగా ఐదో ఆరో ఓడలు ఆగి ఉంటాయి, పోర్టులో బెర్తు దొరికే దాకా వెయిటింగన్నమాట. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను, నాకవి ఆకాశం లాగే, ఉంటాయంతే. ఆ రోజు నాన్న ఒక్కొక్కటీ చూపించాడు. "అదిగో దాని కింద ఎర్ర రంగు ఎంత కనిపిస్తోందో చూడు, ఖాళీగా వచ్చింది, ఐరన్ ఓర్ ఎత్తుకోడానికి. ఇది చూడు, ఎర్ర రంగే లేదు, నిండా దిగిపోయింది, ఆస్ట్రేలియా నుంచి స్టీల్ ప్లాంటుకి బొగ్గయ్యుంటుంది." డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఆ సన్నటి కాలువలోంచి అంతంత ఓడల్ని పైలట్లు ఎలా తీసుకెళ్తారో, 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎంత తవ్వారో, ఇసక మళ్ళీ మళ్ళీ ఎలా పూడిపోతుంటుందో, నడుస్తూ నడుస్తూ పార్క్ హోటల్ దాకా వెళ్ళిపోయాం. నాన్న అంతసేపు మాట్లాడటం నేను అదే చూడటం. ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "నాకు పెళ్ళైన కొత్తలో చెప్పేవారు, వినలేక నేనే ఆపించేశాను" అంది.

ఇక సంక్రాంతికి కాకినాడ నుంచి అత్తయ్య వాళ్ళొచ్చారు. అదే పదకొండోసారి.

లోపలికి అడుగు పెట్టగానే, ఎలా చెప్పాలి, మీరు ఎన్నాళ్ళుగానో ఫోన్లో మాట్లాడిన మనిషిని మొదటిసారి ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇది టార్పెడో రూము, ఈ గుండ్రటి మూతలు ట్యూబులు, ముందు ఆరు, వెనక నాలుగు, మొత్తం పది. నా గేమ్‌లో యూ-బోటుకి ముందు నాలుగు, వెనక ఒకటి. అది 67 మీటర్లు, ఇది 91. అది పద్నాలుగు టార్పెడోలు మోస్తే ఇది ఇరవై రెండు. మధ్యలో కంట్రోల్ రూములో నిలబడి పెరిస్కోప్ పట్టుకుని, పక్కన లోతు చూపించే మీటర్లు, ఆ చక్రాలు తిప్పితే ముక్కు పైకీ కిందకీ... మా మేనత్త కొడుకుకి చెప్పుకుంటూ పోతున్నాను, వెనక జనం ఆగిపోయి వింటున్నారని కూడా చూసుకోలేదు. అక్కడ గైడ్లుగా నేవీలో రిటైరయిన వాళ్ళుంటారు. ఒక పెద్దాయన నన్ను కాసేపు చూసి దగ్గరికొచ్చి, "మీ నాన్నగారు సబ్‌మెరైన్‌లో చేశారా బాబూ?" అన్నాడు.

"లేదండీ, గేమ్ ఆడతాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, "ఏం గేమ్ అది, ఏం చేస్తారు అందులో" అని మొత్తం అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఆయన చెప్పినవి గేమ్‌లో లేనివి. కుర్సురా 1969 డిసెంబర్‌లో రష్యా వాళ్ళ దగ్గర్నుంచి మన నేవీలోకి వచ్చింది, ముప్పై ఒక్క ఏళ్ళు చేసి 2001లో రిటైరయింది, దీంట్లో డెబ్భై అయిదుమంది దాకా ఉండేవాళ్ళు. మంచినీళ్ళు తాగడానికీ వంటకే, స్నానం అన్న మాట మర్చిపోవడమే. అందరికీ సరిపడా పడకలుండవు, ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పడకలోనే ఇంకోడు పడుకోవడం. డీజిల్ వాసన ఒంటికి ఎంత పట్టేసేదంటే ఇంటికెళ్తే వాళ్ళావిడ గుమ్మం బయటే బట్టలు మార్పించేదట. "మీ గేమ్‌లో ఓడ కోసం ఎన్ని రోజులు చూస్తారు?" అన్నాడు. నాకు సిగ్గేసింది, ఎందుకంటే గేమ్‌లో టైమ్ కంప్రెషన్ అని ఒకటుంది, ఒక మీట నొక్కితే కాలం వెయ్యి రెట్లు పరిగెడుతుంది, మూడు వారాల ప్రయాణం టీ తాగేలోపు అయిపోతుంది. చెప్పాను. "ఆ మీట మాకుంటే ఎంత బాగుండేదో" అన్నాడాయన.

తర్వాత అడిగాడు, "మరి మునిగిపోతే ఏం చేస్తారు?"

"మళ్ళీ లోడ్ చేసుకుంటామండీ."

ఆయన ఏం మాట్లాడలేదు. దిగే చోట మెట్ల దగ్గరకొచ్చాక సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "అదిగో ఆ పక్క, ఒడ్డుకి ఎంతో దూరం లేదు, ఘాజీ ఉంది అక్కడ." 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికని కరాచీ నుంచి ఇంత దూరం వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది, వైజాగ్‌లోనే ఉందని నమ్మించడానికి మనవాళ్ళు ఉత్తుత్తి మెసేజ్‌లు పంపారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పేలిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ళలోకి వదిలితే లోతులో పేలే బాంబులు) వల్ల అని మనం అంటాం, లోపలే పేలిందని పాకిస్తాన్ వాళ్ళంటారు. లోపలున్న తొంభైమందికి పైగా ఒక్కళ్ళూ బయటికి రాలేదు. "శత్రువే, కాదనను, కానీ నేను లోపల పడుకున్నవాణ్ణి కదా బాబూ, ఆ లోపల ఎలా ఉంటుందో తెలుసు" అన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఈ మాట నాన్న దగ్గరెత్తితే, "ఆ సౌండు నేను విన్నాను" అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళొచ్చాయి, ఒక్కసారి కూడా చెప్పలేదు. అప్పుడు తాతయ్య వాళ్ళు వన్‌టౌన్‌లో ఉండేవారు, నాన్నకి పదహారేళ్ళు. బ్లాకౌట్ అని ఊరంతా చీకటి, కిటికీలకి నల్ల కాగితాలు. రాత్రి ఒక్కసారి ఢామ్మని, ఇంట్లో తలుపులు అదిరి అటకమీద ఇత్తడి గిన్నె కిందపడితే బాంబులేసేస్తున్నారని నానమ్మ నలుగురు పిల్లల్నీ మంచం కిందకి తోసేసిందట. తెల్లారాక అంతా బీచ్‌కి పరిగెత్తారట. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం" అంటే "నువ్వు అడగలేదు కదరా" అన్నాడు.

ఆ తర్వాత గేమ్ నేను ముందులా ఆడలేకపోయాను. గేమ్ ఆడేవాళ్ళలో ఒక పద్ధతుంది, చస్తే చచ్చినట్టే, లోడ్ చేసుకోవడం లేదు, మళ్ళీ మొదట్నుంచే. అలా మొదలెట్టాను. చాలా జాగ్రత్తొచ్చింది, పిరికితనం అన్నా పర్లేదు. మంచి మంచి ఓడల్ని వదిలేసుకున్నాను. 1941లో ఒక రాత్రి డెప్త్ ఛార్జికి వెనక గది పగిలి నీళ్ళొచ్చేశాయి, పైకి రాలేకపోయాం, స్క్రీన్ నల్లగా అయిపోయాక నేను అలాగే కూర్చుండిపోయాను కాసేపు. ఇందాక జర్మన్ల సంగతి తర్వాత చెప్తానన్నాను కదా, ఇదే ఆ సంగతి. తర్వాత చదివితే తెలిసింది, ఆ యుద్ధంలో యూ-బోట్లలో వెళ్ళిన సుమారు నలభైవేల మందిలో నలుగురిలో దాదాపు ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్ళు ముంచిన ఓడల్లో నాన్న లాంటి పోర్టు మనుషులు బిల్లులు రాసి పంపిన సరుకూ, ఆ సరుకుతో పాటు మనుషులూ ఉన్నారు. ఈ రెండూ ఒకేసారి బుర్రలో పెట్టుకోవడం నాకు ఆ గేమే నేర్పింది, హిస్టరీ క్లాసులో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ ఒక మాట. గేమ్ అంటే అన్నీ మంచివే అనే రకం కాదు నేను. ఆ సెమిస్టర్ రెండు సబ్జెక్టులు పోయాయి, నిజం చెప్పాలి కదా. ఇంక రమ్మీ యాప్‌లని, ఫోన్లో డబ్బులు పెట్టి ఆడేవి, వాటిని నేను గేమ్స్ కింద లెక్కేయను, మా రాష్ట్రం 2020లోనే వద్దంది, మంచి పని చేసింది. నేను చెప్పేది వేరే, ఆడి లేచాక వీధిలోకి వెళ్ళి ఏదో ఒకటి చూడాలనిపించేవి. 2016 చివర్లో పోకెమాన్ గో ఇండియాకి వచ్చినప్పుడు కొత్తగా పెళ్ళైంది మాకు, మా ఆవిడది విజయనగరం, వైజాగ్‌లో ఏ సందూ తెలీదు, నెలరోజులు ఆ బొమ్మల్ని పట్టుకుంటూ పాతూరంతా తిరిగాం. కురుపాం మార్కెట్ దగ్గర ఒక సందులో సమోసాలు బాగుంటాయని నాకంటే ముందు తనకే తెలుసు ఇప్పుడు. ఆ గేమ్ ఎప్పుడో తీసేశాం, సమోసాలు ఉన్నాయి.

ఇప్పుడు మా మేనల్లుడి వంతు. వాడికి పదకొండేళ్ళు, మైన్‌క్రాఫ్ట్ అని బ్లాకులు పేర్చి కట్టుకునే గేమ్ పిచ్చి. పోయిన చలికాలం అందరం అరకు రైలెక్కి బొర్రా గుహలకి వెళ్ళేం. రైల్లో సొరంగం వచ్చిన ప్రతిసారీ అరిచి అరిచి అలిసిపోయి గుహల్లో పడుకుంటాడేమో అనుకుంటే, లోపల పైనుంచి వేలాడుతున్న ఆ రాళ్ళని చూసి ఆగిపోయాడు. "మామయ్యా, దీని పైన నీళ్ళుండాలి కదా?" అన్నాడు. మైన్‌క్రాఫ్ట్‌లో 2021లో ఈ బొట్లు కారే రాళ్ళు పెట్టారు, పైన నీళ్ళుంటేనే ఆ రాయి పెరుగుతుంది, బొట్టు పడేచోట కింద ఇంకో మొలక లేస్తుంది. అక్కడున్న గైడు మామూలుగా ఇది వినాయకుడు, ఇది పుట్టగొడుగు, ఇది తల్లీబిడ్డ అని టార్చి కొట్టి చూపించుకుంటూ పోయేవాడు, వీడి ప్రశ్నకి ఆగి, పైన కొండలోంచి దిగే నీళ్ళు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుని తెస్తాయని, బొట్టు బొట్టుకీ ఆ సున్నం మిగిలిపోతుందని, ఈ లోపల పారే నీళ్ళే గోస్తనీ నదయి మన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయని చెప్పాడు. "ఎన్ని రోజుల్లో ఇంత పెరుగుతుంది?" అన్నాడు మావాడు చెయ్యంత చూపిస్తూ. రోజులు కాదమ్మా, వేల ఏళ్ళు అన్నాడు గైడు. మావాడు నమ్మలేదు, వాడి గేమ్‌లో కొన్ని రోజులే మరి. బయటికొచ్చి బొంగులో చికెన్ తింటున్నప్పుడు కూడా "వేల ఏళ్ళా?" అని నన్ను రెండుసార్లు అడిగాడు.

వాడు ఇప్పుడు కుర్సురాని కడుతున్నాడు, మైన్‌క్రాఫ్ట్‌లోనే. నాన్నకి డెబ్భై దాటాయి, రిటైరయి పదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీచ్ వాకింగ్ తగ్గిపోయింది, సాయంత్రం వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఒక బ్లాక్ అంటే ఒక మీటరు, కాబట్టి పొడవు తొంభై ఒక్క బ్లాకులు, వెడల్పు ఎనిమిది. ఏడు గదులు, గది గదికీ మధ్య తలుపు. గుండ్రటి తలుపు మైన్‌క్రాఫ్ట్‌లో రాదు తాతయ్యా అన్నీ చతురస్రాలే అని వాడు, అలాగైతే అది కుర్సురా ఎలా అవుద్దిరా అని ఈయన, రోజూ ఇదే గొడవ. నిన్న మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయి నా మీద పడ్డారు. టాయిలెట్ ఏ గదిలో ఉంది అని. ఇన్నిసార్లు వెళ్ళావు, కెప్టెన్ అన్నావు, అది కూడా తెలీదా అని నాన్న.

నిజంగానే గుర్తులేదు నాకు. సైలెంట్ హంటర్‌లో అది అవసరం పడలేదు.

రేపు సోమవారం, మ్యూజియం సెలవు. మంగళవారం వెళ్దాం అన్నాను. నాన్న అప్పుడే మోకాళ్ళకి కట్టుకునే పట్టీలు, దర్జీ టేపు వెతికి బల్లమీద పెట్టీసుకున్నాడు.